మన్సూరా వంటింట్లో సీసం పోత

దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి మరీ కూర్చోండి. ఎందుకంటే దోహాలో, అల్ మన్సూరాలో, ఇడ్లీలు వండుకునే పొయ్యి మీద తుపాకీ గుండ్లు పోసి, బిల్డింగు బిల్డింగంతటినీ లుంగీలతో వీధిలో నిలబెట్టిన మహాతల్లిని నేనే. నిజానికి అవి తుపాకీ గుండ్లు కావు, చేపల గాలానికి కట్టే సీసపు బరువులు. ఆ సంగతి నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది. ఆ సాయంత్రం వీధిలో నిలబడ్డవాళ్ళకు మాత్రం చెప్పే నాథుడు లేకపోయాడు.

అప్పటికి నేను ఖతర్ వచ్చి ఏడాది నిండలేదు. చదువంటారా, ఐదో తరగతి మధ్యలోనే బడీ నేనూ విడిపోయాం. మావారు యోహాను ఏసీలు బాగుచేసే కంపెనీలో టెక్నీషియన్. ఆ ఏడు ఎలాగైనా క్రిస్మస్‌కు మా గోదావరి వెళ్ళి, మావాళ్ళ చర్చిలో మావాళ్ళ మధ్య కూర్చుని పాటలు పాడాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. కంపెనీలో పండగ సెలవు అడిగేవాళ్ళు బోలెడుమంది. దొరికేది ఒక్కరికి. ఇచ్చేది సూపర్‌వైజర్ రత్నరాజు గారు.

రత్నరాజు గారు కృష్ణా జిల్లా మనిషి, ప్రార్థనాపరుడు, నెమ్మదస్తుడు. ఆయనకున్న ఒకే ఒక్క బలహీనత చేపలు. శుక్రవారం వస్తే అల్ రువైస్ వెళ్ళి పడవెక్కి గాలం వేస్తారు. అక్కడి నీటి లాగుడుకు చిన్న బరువులు అడుగున నిలవవట. నిలిచినవి రాళ్ళలో ఇరుక్కుని దారంతో సహా తెగిపోతాయట. ఇక ఆదివారం నుంచి గురువారం దాకా డ్యూటీలో అందరికీ ఆ పోయినవాళ్ళ గురించే, అంటే ఆ పోయిన బరువుల గురించే, చెప్పుకుని బాధపడతారట.

మావారు ఇంటికొచ్చి ఈ మాట చెప్పారు. విని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

“ఓస్, అంతేనా? సీసం తెచ్చిపెట్టండి, ఇంట్లోనే పోసిస్తాను. మా నాన్న వలకు సీసం గుళ్ళు పోస్తుంటే చూస్తూ పెరిగినదాన్ని,” అన్నాను.

చూస్తూ పెరిగిన మాట నిజమే. నాన్న పోసేవాడు, అమ్మ మంట చూసేది, నేను కోళ్ళు దగ్గరికి రాకుండా అదిలించేదాన్ని. ఆ మూడో పని ఒక్కటే నాకు క్షుణ్ణంగా వచ్చు. కానీ మావారు మర్నాడే వెళ్ళి రత్నరాజు గారికి చెప్పేశారు. ఆయన పొంగిపోయి, గురువారం సాయంత్రం తానే వచ్చి పట్టుకెళ్తానని, బాగా బరువైనవి కావాలని, అవి చూశాక సెలవు సంగతి మాట్లాడదామని అన్నారట. ఆలు లేదు, చూలు లేదు, నేను సూట్‌కేసు దులిపి ఎండలో పెట్టాను.

టైర్ల కొట్టు నుంచి, చక్రాలకు బరువు సరిచూసి బిగించే పాత సీసం ముక్కలు మావారు తెచ్చారు. ఇక అచ్చు కొనాలి. ఆయనకు డ్యూటీ, కనుక చేపల సామాను కొట్టుకు నేనే వెళ్ళాను. అచ్చులంటే నాకు తెలియకపోవడమా? జంతికల గొట్టం, గవ్వల పీట, ఇడ్లీ పళ్ళాలు, అన్నీ నా చేతి మీదుగా నడిచినవే కదా అని ధైర్యం.

కొట్టువాడు బెంగాలీ. హిందీలో అడగడం మొదలుపెట్టాడు. ఎన్ని గ్రాములన్నాడు. ఏ చేపకన్నాడు. రాతి నేలా, ఇసుక నేలా అన్నాడు. దారం ఎంత లావన్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు వేయలేదు. ప్రతిదానికీ తలూపాను. అతను బల్ల మీద పుస్తకాల్లా తెరుచుకునే ఇనప అచ్చులు పరిచాడు. ఒకటి చింతగింజ రూపం, ఒకటి గోపురం, ఒకటి బిళ్ళ, ఒకటి మునక్కాయ ముక్క. ఏది ఎందుకో తెలియక నా తల తిరగలిలా తిరిగింది. ఇడ్లీ పళ్ళెం కొన్నట్టే కొందామనుకుని, ఎన్ని గుంటలున్నాయో, ఎంత లోతున్నాయో వేలుపెట్టి చూసుకుంటూ పోయాను.

చివరికి అతను జాలిపడి ఒకటి ముందుకు తోశాడు. దాంట్లో ప్రతి గుంటకూ నడుమ ఒక సన్నటి ఇనప పుల్ల ఉంది. పోశాక ఆ పుల్ల లాగేస్తే గుండుకు నిలువునా చిల్లు పడుతుందని వేలితో చూపించాడు. నేను చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చిల్లు పడ్డ సామాను ఇంట్లోకి తేకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచి చెవినిల్లు కట్టుకుని చెప్పింది. అందులోనూ సెలవు కోసం పోసేవి, శుభమా అని చిల్లులతో మొదలుపెడతామా?

“సూరాఖ్ మాఫీ,” అన్నాను గట్టిగా. చిల్లు వద్దని, నాకొచ్చిన హిందీ సగం, అరబ్బీ సగం కలిపి.

“సూరాఖ్ మాఫీ?” అన్నాడతను, నా మొహంలోకి చూస్తూ.

“మాఫీ,” అన్నాను.

అతను నిట్టూర్చి, నున్నటి గుంటలున్న పెద్ద అచ్చొకటి తీశాడు. గుంటలు బెండకాయంత పొడుగు, మొన తేలి, చూడముచ్చటగా ఉన్నాయి. పోసేముందు దీంట్లో తీగ ఏదో పెట్టాలని అతను రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తలూపాను. అర్థమైతే ఒకసారే ఊపేదాన్ని.

గురువారం మధ్యాహ్నం కిటికీలు బార్లా తీసి, పాత మూకుడు ఎక్కించి సీసం కరిగించాను. అది వెండిలా తళతళలాడింది. ఇక్కడ నా బుద్ధి ఇంకోసారి వికసించింది. ఇడ్లీ అంటుకోకుండా ఏం చేస్తాం? నూనె రాస్తాం. అచ్చు గుంటలన్నిటికీ నువ్వుల నూనె పట్టించాను, కాస్త ధారాళంగానే. పోశాను.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ అన్నవాళ్ళు నూనె రాసిన అచ్చులో సీసం పోసి ఉండరు. మొదటి వాయికి వంటిల్లు కనబడలేదు. పట్టువదలకుండా మళ్ళీ నూనె రాసి పోస్తూ పోయాను. సాయంత్రానికి నేనే కనబడలేదు. అప్పుడు బిల్డింగు అలారం మోగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, పిల్లల ఏడుపులు, ఎవరో పైనుంచి యల్లా యల్లా అని తరమడం. గుండ్లు మాత్రం ఇడ్లీ పళ్ళెంలో వరుసగా చల్లారుతున్నాయి.

తలుపు తోసుకుని గంగన్న వచ్చాడు. మా బిల్డింగు నాతూర్, అంటే కాపలా మనిషి. జగిత్యాల వైపువాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. పొయ్యి ఆర్పాడు, అలారం ఆపించాడు, అప్పుడు పళ్ళెం చూశాడు.

“గివి తూటాలు గదా అక్కా,” అన్నాడు మెల్లగా.

“కాదు తమ్ముడూ, చేపలకి.”

“చేపలను తుపాకితోని కొడ్తరా?”

“అయ్యో, గాలానికయ్యా.”

“ఏమోనే అక్కా. పోలీసొస్తే నిన్ను అడగరు, నన్నడుగుతరు. నాకు ఇంటికి పోవాల్నని ఉంది గని గిట్ల పోవాల్నని లేదు,” అని గోడకు చేరగిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే మావారు, ఆయన వెనక రత్నరాజు గారు మెట్లెక్కి వచ్చారు. వీధిలో జనాన్ని చూసి మావారి మొహం సున్నమైంది. రత్నరాజు గారు దగ్గుతూనే పళ్ళెం దగ్గరికి నడిచి ఒక గుండు చేతిలోకి తీసుకున్నారు. నూనె పుణ్యమా అని దాని ఒంటినిండా ముసలమ్మ బుగ్గల్లా ముడతలు.

“బరువు బాగుంది,” అన్నారు.

నా మనసు అప్పుడే విమానం ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

ఆయన దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. “దారం ఎక్కడ కట్టాలి చెల్లెమ్మా?” అన్నారు.

నేను తీసుకుని తిప్పాను. మావారు తీసుకుని తిప్పారు. గంగన్న తువ్వాలు తీసి మరీ చూశాడు. నాలుగు తలలూ ఒక్క గుండు మీదికి వంగాయి. పెళ్ళికూతురికి జడ వేయబోయి తలే లేదని తెలుసుకున్నట్టయింది మా పని.

“చిల్లు పడ్డవి ఇంట్లోకి తేకూడదు కదా అన్నయ్య గారూ,” అన్నాను.

“ఎవరు చెప్పారమ్మా?”

“మా అమ్మ.”

“గిన్నెల గురించి చెప్పి ఉంటారు,” అన్నారాయన.

నేను ఆ గుండ్లను చూడలేక గచ్చు చూస్తూ, మావాళ్ళ చర్చికి మనసులోనే వీడ్కోలు చెప్పుకుంటున్నాను. రత్నరాజు గారు నల్లబడ్డ పైకప్పు చూశారు, జిడ్డోడుతున్న అచ్చు చూశారు, చివరికి మావారిని చూశారు.

“యోహానూ, క్రిస్మస్‌కి నువ్వే వెళ్ళు. చెల్లెమ్మని తీసుకుని వెళ్ళు.”

మావారికి నమ్మకం కుదరలేదు. “సార్, మరి బరువులు సరిగా రాలేదు కదా...”

“బరువుల సంగతి కాదయ్యా. పండక్కి ఈవిడ ఇక్కడే ఉంటే కేకు చేస్తుంది. దానికీ అచ్చు కావాలి, దానికీ నూనె రాయాలి. నేనుండేది మీ వెనక బిల్డింగులోనే.”

అలా ఇంట ఓడి, రచ్చకెక్కి, సెలవు గెలిచాను. అందరి సాక్షిగా ఇప్పుడు ప్రమాణం చేస్తున్నాను. ఈ ఊపిరి ఉన్నంతవరకు నేను సీసం ముట్టను, ఇనప అచ్చుకు నూనె రాయను, అర్థంకాని మాటకు తలూపను. ఎప్పుడైనా ఊపినట్టు కనిపిస్తే అది మెడనొప్పే అనుకోండి.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట అన్నం కుండ ఎప్పుడూ నిండుగా ఉండాలి, ఊరి నుంచి వచ్చే ప్రతి ఫోనూ మంచి కబురే తేవాలి, దూరాన ఉన్న మీవాళ్ళు పండగ నాటికి మీ గడపలో చెప్పులు విడవాలి. చల్లగా ఉండండి.