ఏడు ఆసనాలూ, పదిహేను మూరల గుడ్డా

దాజీ పేట్‌లో మా సందు ఆడవాళ్ళకు యోగా చెప్పడానికి వచ్చిన మాస్తరు, మొదటి రోజు మాకు కూర్చోవడం నేర్పాడు.

ఆయన తప్పేమీ లేదు. మునిసిపాలిటీ బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైన మరాఠీ మనిషి; ఊరు వాళ్ళది, సందు మా తెలుగు నేతవాళ్ళది. మెడలో ఇంకా ఈల వేలాడుతూనే ఉండేది. అప్పటిదాకా ఆయన నేర్పింది ఆఫీసు ఉద్యోగులకు, దుకాణదార్లకు. వాళ్ళు బాసింపట్టు వేసుకుని పది నిమిషాలు కూర్చుంటే మోకాళ్ళు పట్టుకుని మూలిగేవాళ్ళట. మేము పద్దెనిమిది మందిమి, అందరమూ బీడీలు చుట్టేవాళ్ళమే. ఒళ్ళో చాట పెట్టుకుని పొద్దున కూర్చుంటే దీపాల వేళకు లేచే జాతి.

"బసా" అన్నాడు. గుడి మండపంలో వరసగా కూర్చున్నాం. కళ్ళు మూసుకోమని, ఇక కూర్చోలేనివాళ్ళు చెయ్యెత్తమని చెప్పాడు. పావుగంట అయింది. అరగంట అయింది. ఒక్క చెయ్యి లేవలేదు. చివరికి ఆయనే గోడ పట్టుకుని లేచి, తిమ్మిరెక్కిన కాలు ఈడ్చుకుంటూ మా ముందు అటూ ఇటూ నడిచాడు. ముఖం చిన్నబోయింది. మాకు ఇంకేం నేర్పాలో తోచక కాబోలు, లేచి నిలబడమన్నాడు.

అక్కడ దొరికిపోయాం. పద్దెనిమిది మందిలో ఒక్కరికీ నడుము నిటారుగా రాలేదు. అందరం ఎండిన తునికాకుల్లా ముందుకు వంగి నిలబడ్డాం. మాస్తరు ముఖంలో వెలుగు చూడాలి అప్పుడు! పని దొరికిన మనిషి వెలుగు అది.

అక్క, నేను ఆ వరసలో పక్కపక్కనే ఉన్నాం. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మా ఇద్దరినీ ఒకే సందులో ఇచ్చారు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక గోడ. మా ఆయన, బావ ఇద్దరూ పవర్‌లూముల మీద తువ్వాళ్ళు నేసేవాళ్ళు. మా ఇద్దరికీ ఒకే నడుము నొప్పి. అశోక్ చౌక్ డాక్టరు ఇద్దరినీ ఒకేసారి చూసి, ఒకే చీటీ మీద మందులు రాసి, చివర 'యోగా చేయాలి' అని రాసి, దాని కింద గీత గీసి ఇచ్చాడు. ఆ చీటీ మా ఇంట్లో ఒక వారం, వాళ్ళింట్లో ఒక వారం ఉండేది.

మాస్తరుది ఒకటే నియమం. ఏడు ఆసనాలు. అవే ఏడేళ్ళు చేయాలి. ఎనిమిదోది ఏమిటని అడగకూడదు. అడిగిన ఒకావిడతో మూడు రోజులు మాట్లాడలేదు. "ఏకచ్ ధరా, బాయి" అనేవాడు, ఒక్కటే పట్టుకోండి అని. నాకు ఆ మాట నచ్చింది. ఆకు ఒకనాడు మంచిది వస్తుంది, ఒకనాడు పురుగు పట్టింది వస్తుంది. కరెంటు ఒక గంట ఉంటుంది, ఒక గంట పోతుంది. ఆ ఏడు మాత్రం నిన్న ఎక్కడ వదిలానో ఇవాళ అక్కడే ఉండేవి.

ఇబ్బందల్లా శవాసనంతోనే. పడుకుని కళ్ళు మూసుకుంటే మా వేళ్ళు వాటంతట అవే బీడీలు చుట్టేవి. "శవానికి వేళ్ళు కదలవు, బాయి!" అని మాస్తరు అరిచేవాడు. ఒకరోజు పరీక్ష కోసం, కత్తిరించిన ఆకు ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడట. నాకు తెలియదు. శాంతిగా పడుకుని ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి అది బీడీ అయి, మూతి కూడా మడిచి ఉంది.

నెల తిరగకముందే అక్కకు విసుగొచ్చింది.

"ఏందే ఇది? రోజు గవ్వే ఏడు. బీడీలు రోజు గవ్వే, ఆసనాలు గూడ గవ్వేనా? జర వేరేది సూద్దాం పా."

"మాస్తర్ ఒద్దన్నడు గదక్కా."

"మాస్తర్ నాకేమన్న మొగడా?"

"బావ గూడ ఒద్దన్నడు గదా."

"అందుకే పోతున్న" అని చెప్పులేసుకుంది.

మొదట, పుణెలో నేర్చుకుని వచ్చిన ఒక బాయి దగ్గరికి వెళ్ళింది. ఆమె గోడకు తాళ్ళు కట్టి మనుషుల్ని తలకిందులుగా వేలాడదీసేది. వారం తిరక్కుండా అక్క తన ఇంట్లో దూలానికి తాళ్ళు కట్టించుకుంది. అలా వేలాడుతుండగానే ఒకనాడు బీడీ కార్ఖానాలో లెక్కలు చూసే మునీమ్ వచ్చాడు, బీడీల మూతులు సరిగ్గా మడవడం లేదని చెప్పడానికి. అక్క దిగలేదు.

"ఎవలవి, నావా? సూపెట్టుండ్రి."

ఆయన ఒక కట్ట తీసి, ఎటు చూడాలో తెలియక తలవంచుకుని, అక్క కళ్ళ ముందు పట్టాడు.

"మూతులు మంచిగనే ఉన్నయి గదా. మీరే కట్ట ఉల్టా పట్టిండ్రు."

"కట్ట సీదానే ఉంది బాయి. ఉల్టా మీరున్నరు" అని, కట్ట అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఇంట్లోకి రాలేదు, గడప బయటి నుంచే పిలిచేవాడు.

ఆ తరవాత వేగంగా గాలి వదిలే క్లాసు. చాట ముందు కూర్చుని ఒక్కసారే సాధన చేసింది. తంబాకు పొడి లేచి ఇంటిల్లిపాదీ సాయంత్రం దాకా తుమ్మారు. ఆ పై ఏడాది, పార్కులో గుండ్రంగా నిలబడి పగలబడి నవ్వే క్లాసు. అక్క ఇంట్లో సాధన చేస్తుంటే వాళ్ళత్త పాపం ఒకరోజు ఆ నవ్వు విని, నిమ్మకాయలు పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

నేర్చుకున్నదల్లా అక్క గోడ మీది నుంచి నాకు చేసి చూపించేది. నేను చూసేదాన్ని కాదు. తల దించుకుని బీడీ చుడుతూ, చెవి మాత్రం అటే పెట్టేదాన్ని. అసూయ అని అప్పుడు అనుకోలేదు. నిష్ఠ అనుకున్నాను.

చివరికి భవాని పేట్‌లో ఒక బాబా దొరికాడు. మిల్లులో ఫిట్టరు పని మానేసి, ఉత్తరాదిన కొన్నేళ్ళు తిరిగొచ్చిన బక్కపలచటి మనిషి. ఆసనాలు తరవాత, ముందు లోపల కడుక్కోవాలని ఆయన పద్ధతి. ఆ సాయంత్రం మా ఆయన అన్నం తింటుంటే అక్క వచ్చి పీట వాల్చుకుంది.

"మరిదీ, నాకొక గుడ్డ గావాలె. తెల్లది. నాలుగు వేళ్ళ వెడల్పు, పదిహేను మూరల పొడుగు."

"దేనికి వదినె?"

"మింగేతందుకు."

ఇంకొకరైతే ఎందుకు మింగాలని అడిగేవారు. మా ఆయన తన ముద్ద మింగి, "రెండు దిక్కుల అంచు ఉండాల్నా?" అన్నాడు.

"ఏదన్న థాన్‌ల కెల్లి ఒక పట్టి చింపియ్యి మరిదీ, సాలు."

"చింపుతే పోగులు ఊడయా? కడుపుల పోగులు మిగిలితే నాకు పేరొస్తదా?"

ఉప్పునీళ్ళలో నానబెట్టి, కొంచెం కొంచెం మింగి, మళ్ళీ మెల్లగా బయటికి లాగాలట. అలాంటి గుడ్డను చింపి ఇవ్వడం తనకు అవమానమని తేల్చేశాడు. వెనక గదిలో మా మామగారి గుంట మగ్గం దుమ్ము పట్టి ఉంది. దాన్ని తుడిచి, సన్నటి పడుగు వేయడానికి సిద్ధమయ్యాడు. సంగతి సందంతా పాకింది. సాయంత్రం షిఫ్టు దిగిన మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుంట చుట్టూ కూర్చున్నారు. అక్క ఆరోగ్యం గురించి ఒక్కరూ అడగలేదు.

"నూలు ఎన్నో నంబరు వెడ్తున్నవ్?"

"అరవై."

"అరవై గొంతుల కోసుకుంటది. ఎనబై వెట్టు, ఇంక సన్నగుంటది."

"గంజి వెడ్తవా మరి?"

"వెట్టద్దా? గంజి తిండే గదా, కడుపుల కలిసిపోతది."

సందులో అందరికంటే పెద్ద నేతగాడు ఒకాయన కొంగు విషయం ఎత్తాడు. కొంగు లేకపోతే ఎక్కడ ఆగాలో ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? ఎర్రచార వేద్దామన్నారు. రంగు దిగితే కడుపు ఎర్రబడుతుందని ఇంకొకరన్నారు. ఆఖరికి చివరి మూరలో దొడ్డు పోగులు వేసి, నాలుకకు తగిలేటట్టు నేద్దామని ఒప్పుకున్నారు.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. పదిహేను మూరలు ఉతకకముందా, ఉతికి ముడుచుకున్న తరవాతా? పైగా ఎవరి మూర? అక్కదా, బాబాదా? ఇది తేలక మగ్గం రెండు రోజులు ఆగింది. మూడో రోజు బాబానే పిలిపించారు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఈ మాట అడిగినవాళ్ళు లేరట. ఆయన మందుల దుకాణంలో దొరికే పట్టీ గుడ్డే మింగుతూ వచ్చాడు. గుంట పక్కన కూర్చుని, నేసినంత మేర అంచు వేలితో తడిమి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు గూడ ఒకటి" అన్నాడు.

లూములకు కరెంటు సెలవు రోజున ముహూర్తం పెట్టారు. చప్పుడు లేని రోజు కాబట్టి సందు సందంతా అక్క వాకిట్లోకి వచ్చింది. బావ మాత్రం ఇంట్లో తలుపు వెనక నిలబడ్డాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆ పొద్దున నేను మాస్తరు ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. అక్కకు ఏమన్నా అవుతుందేమోనని భయంతోనే వెళ్ళానని ఆయనతో అన్నాను. భయం ఉన్నది నిజమే. కానీ దారి పొడుగునా నాకు హుషారుగా కూడా ఉంది.

మేము వచ్చేసరికి అక్క పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఇత్తడి గిన్నె, గిన్నెలో చుట్టగా గుడ్డ. నోట్లోంచి తెల్లటి పట్టీ కిందికి వేలాడుతోంది. ఎదురుగా బాబా, "నిదానం, నిదానం" అంటున్నాడు. మాస్తరు ఆ దృశ్యం చూశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు.

అక్క ఉలిక్కిపడి ఇంకో జానెడు మింగేసింది.

"ఈల ఊదకు!" బాబా లేచాడు. "కడుపు బిగుసుకుంటది!"

"నలుగురు గురువుల దగ్గర తిరిగితే ఇదే గతి!" అన్నాడు మాస్తరు మరాఠీలో. "ఒక్కటి పట్టుకోమని చెప్పాను ఈ బాయికి!"

"ఒక్కటి పట్టుకున్న నీ మోకాలి సంగతేంది? గుడి మెట్లు ఎట్ల ఎక్కుతవో నేను సూడలేదా?"

ఇద్దరూ అక్క తల మీదుగా వాదించుకున్నారు. యోగం ఒక్కటా, అనేకమా అన్న వాదం నేను మళ్ళీ అంత దగ్గర నుంచి వినలేదు. ఆ వాదం మధ్యలో అక్క చెయ్యెత్తి ఐదు వేళ్ళూ చూపించింది.

"ఐదు మూరలు మింగినదంట!" అన్నారెవరో.

"కాదు, ఐదు నిమిషాల్ల అయిపోతదంటున్నది."

"అయ్యో, ప్రాణం పోతున్నదేమో!" అని అత్త ఏడుపు అందుకుంది.

అక్క ఇక మాకెవరికీ చెప్పి లాభం లేదనుకుంది. కళ్ళు మూసుకుని, చెయ్యి మార్చి చెయ్యితో, కండె నుంచి దారం తీసినట్టు నెమ్మదిగా గుడ్డను బయటికి లాగింది. మొత్తం మూడు మూరలు. మా ఆయన ముందు అక్కను కాదు, గుడ్డను అందుకున్నాడు. వెలుతురుకు పట్టి రెండు అంచులూ చూశాడు.

"ఒక్క పోగు గూడ ఊడలే" అన్నాడు. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అక్క రెండు చెంబుల నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. "నీళ్ళల ఉప్పు ఎక్కువైంది. ఆగుండ్రి అని చెయ్యి సూపెడితే గంత లొల్లేంది?" అని నా వైపు తిరిగింది. "మాస్తర్‌ను నువ్వే తోలుకొచ్చినవా?"

తల ఊపాను. తిడుతుందనుకున్నాను. నవ్వింది. అది పార్కులో నేర్చుకున్న నవ్వో, తన సొంత నవ్వో నాకు తెలియలేదు. ఆమెను అడిగితే తనకూ తెలియదంది.

డాక్టరు మాత్రం సంగతి విని మండిపడ్డాడు. గుడ్డలు మింగేవాళ్ళు తన మెట్లు ఎక్కొద్దన్నాడు. అక్క మళ్ళీ మింగలేదు. ఒకసారి చాలనుకుంది. పది రోజుల తరవాత మాస్తరు ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. ఏళ్ళ తరబడి ఆయనకు గుండెల్లో మంటట. అలాంటి గుడ్డ ఒకటి దొరుకుతుందా అని మా ఆయన్ని అడిగి, నాతో మెల్లగా, "నా శిష్యులెవరికీ చెప్పొద్దు" అన్నాడు. నేనూ శిష్యురాలినే. చెప్పనని మాటిచ్చాను.

ఒకరోజు ఆకు కత్తిరిస్తూ అక్కను అడిగాను. "ఇన్ని తిరిగినవు గదా. ఏది మంచిగున్నది?"

అక్క కత్తెర ఆపి ఆలోచించింది. "పోవుడు మంచిగున్నది. పొద్దుగాల చెప్పులేసుకొని ఎటో ఒకదిక్కు పోవుడు. నీకేమో ఒకలు చెప్తే మంచిగుంటది."

రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. నిజం చెప్పిందని కోపం.

తరవాత కొన్నేళ్ళకు ఊరి చివర బీడీ పనివాళ్ళకు కొత్త కాలనీ కట్టారు. మేమిద్దరం అక్కడికి మారాం. అక్క అక్కడి హాలులో ఆడవాళ్ళకు యోగా చెప్పడం మొదలుపెట్టింది. సోమవారం తాళ్ళు, మంగళవారం నవ్వులు, ఆ తరవాత ఏ రోజు ఏది తోస్తే అది. నేను రోజూ వెళ్ళేదాన్ని. కిటికీ పక్కన నా చోటు. హాలంతా నవ్వుతున్నప్పుడు నేను మాస్తరు చెప్పిన మూడో ఆసనంలో ఒంటికాలి మీద ఉండేదాన్ని. కొత్తగా వచ్చినవాళ్ళు, నాకు నవ్వు రాని జబ్బేదో ఉందని మొదట జాలిపడేవాళ్ళు. పది రోజులకు అలవాటు పడి, నన్ను చుట్టి వెళ్ళేవాళ్ళు.