ముఖాలు చూసిన చాచా

చాచా పోయారని శుక్రవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ముందురోజు కూడా పనికి వెళ్లొచ్చారట. నేను వాళ్ల ఊరు గౌడవెల్లి చేరేసరికి వాకిట్లో కుర్చీలు చాలక జనం గోడ వెంట నిలబడి ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో ఆయన చేసిన తలుపో మంచమో ఉంటుంది. మాకు మాత్రం ఆయన ఒక ఆటను నిలబెట్టి ఇచ్చారు.

చాచా నాకు బంధువు కాదు. పెళ్లి స్టేజీలు కట్టే వడ్రంగి. నాలుగేళ్ల కిందట నేనూ ఇద్దరు స్నేహితులూ అల్వాల్‌లో రెండు గదులు తీసుకుని ఒక వీడియో గేమ్ తయారుచేశాం. దారి తప్పిన మేకపిల్లను బండరాళ్ల మీదుగా ఇంటికి చేర్చడమే ఆట. శామీర్‌పేట దగ్గర పెద్ద హాల్లో గేమ్‌ల ప్రదర్శన అంటే మేమూ ఒక స్టాల్ తీసుకున్నాం. అక్కడ కూడా ఎవరికీ నచ్చకపోతే గదులు ఖాళీ చేసి ఉద్యోగాలు వెతుక్కుందామని ముందే అనుకున్నాం.

స్టాల్ కట్టడానికి వచ్చిన చాచా చెక్క ముట్టుకోకముందే అడిగారు.

"గీడ కూసుండి ఆడేది ఎవరు బేటీ? పెద్దోళ్లా, పిల్లలా?"

"ఇద్దరూ చాచా."

అయితే మూడు ఎత్తుల్లో స్టూళ్లు కావాలన్నారు. నన్ను కూర్చోబెట్టి, కంట్రోలర్ చేతికిచ్చి, నా మోచేయి దగ్గర టేపు పెట్టి కొలిచారు. పని అయ్యాక కళ్లు మూసుకుని ప్రతి అంచు మీదా అరచేయి పోనిచ్చారు. ఎందుకలా అంటే, "కండ్లు తెరిస్తే చూస్తనే ఉంట, ముట్టుకున్నట్టు ఉండది" అన్నారు. పిల్లల చేతుల్లో పేళ్లు గుచ్చుకుంటాయని ఆయన భయం.

ఆట తెరలు బిగించిన చెక్కగోడ వెనక కంప్యూటర్లు ఉండేవి. వేడెక్కి ఆగిపోతున్నాయని ఆయన తెర కింద గాలికి ఒక కంత కోసి, వెనక ఫ్యాన్ పెట్టి, దాని పక్కనే చెక్కపెట్టె మీద కూర్చున్నారు. ఆ కంతలోంచి ఆట కనపడదు. ఆడేవాళ్ల ముఖాలు కనపడతాయి.

మొదటిరోజు వచ్చినవాళ్లంతా కాసేపు ఆడి, "బాగుంది" అని లేచి వెళ్లిపోయారు. ఆడినవాళ్లెవరూ రెండోసారి రాలేదు. మధ్యాహ్నానికి నాకు ఏడుపొచ్చి మంచినీళ్ల వంకతో వెనక్కి వెళ్లాను.

"బేటీ, అందరు ఒక్క కాడనే ముఖం ముడుసుకుంటున్రు" అన్నారు చాచా.

"ఎక్కడ చాచా?"

"నాకేం ఎరుక? మస్తు నవ్వుకుంట ఆడుతరు. డప్పు సప్పుడు వస్తది, ఇగ నవ్వు బంద్."

కుక్క వెంటపడే చోట మేము డప్పు పెట్టాం. అక్కడ మేకపిల్ల పడితే ఆట మొదటికొస్తుంది. ఆ కష్టమే మా గొప్ప అనుకున్నాం. "ఆటే చూడని మనిషి మాట పట్టుకుని ఇప్పుడు మారుస్తామా?" అన్నాడు స్నేహితుల్లో ఒకడు. నేను పెట్టె మీద చాచా పక్కన ఇరుక్కుని కూర్చుని నలుగురి ముఖాలు చూశాను. నాలుగుసార్లూ డప్పు మోగింది, నాలుగు నవ్వులూ ఆరిపోయాయి. స్నేహితుణ్ణి పిలిచి చూపించాను. వాడు వెంటనే కీబోర్డు అందుకున్నాడు.

అన్నం మానేసి ఆ వెనకే కూర్చుని మార్చాం. పడ్డ మేకపిల్ల పడ్డచోటే లేచి, ఒళ్లు దులుపుకుని, మళ్లీ పరిగెడుతుంది. అంతే. తర్వాత కూర్చున్నావిడ డప్పు మోగగానే పడింది, లేచింది, పకపకా నవ్వింది. గోడ వెనక నుంచి "షాబాష్!" అని కేక వినపడితే ఆవిడ ఉలిక్కిపడి, మెచ్చుకుంది ఎవరా అని చుట్టూ చూసింది.

సాయంత్రానికి వరుస కట్టారు. మర్నాడు ఆ వరుస పక్క స్టాల్ దాటిపోయింది. గదులు ఖాళీ చేయాల్సిన అవసరం రాలేదు. మరుసటేడు ఆట విడుదలైంది. చివర్లో వచ్చే పేర్లలో ఆయన పేరూ వేశాం. చదివి వినిపిస్తే, "నేనేం పని జేసిన్నని రాసిన్రు?" అని అడిగారు.

"ముఖాలు చూసినవారు అని."

"గిదేం నౌకరి బేటీ! మా ఇంట్ల చెప్తే నమ్మరు" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

నిజంగానే నమ్మలేదట. అందుకే పోయినేడు మేము మళ్లీ అదే ప్రదర్శనలో స్టాల్ పెడితే, ఆఖరిరోజు చాచీని వెంటబెట్టుకొచ్చారు. వద్దంటే వద్దని సిగ్గుపడుతున్న ఆవిణ్ణి కూర్చోబెట్టి, కంట్రోలర్ చేతికిచ్చి, తాను పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నారు. మేకపిల్ల ఎడమకు తిరగాలి. చాచీ వేళ్లతో పాటు ఒళ్లంతా ఎడమకు వంచింది. ఆమెను చూస్తూ, తెలియకుండానే చాచా కూడా అటే వంగారు. ఇద్దరూ అలా ఒకే పక్కకు ఒరిగిపోయి, ఊపిరి బిగబట్టి, బండ దాటిస్తున్నారు.