గొంతెత్తకుండా చెప్పిన అక్షరాలు

నా పిల్లలు బడికి పోరని పెళ్ళికి ముందే నిశ్చయించుకున్నాను. మా పుట్టింట్లో మూడు తరాల పాటు ఎవరూ బడి గడప తొక్కలేదు. పంతులుగారే వచ్చి చావడిలో చాప మీద కూర్చుని చెప్పేవారు. భూములు కోర్టుల పాలై, పంతులుగారికి ఇవ్వడానికి ఏమీ మిగలని రోజు వచ్చాక నన్ను తీసుకెళ్ళి మునిసిపల్ బడిలో వేశారు. మొదటి రోజే అక్కడి మాస్టారు, "దివాణం వారు దయచేశారు, దారివ్వండర్రా" అన్నాడు. తరగతంతా నవ్వింది. నా కడుపున పుట్టినవాళ్ళను అలాంటి నోటికి అప్పగించనని ఆ బెంచీ మీద కూర్చునే అనుకున్నాను.

డెబ్బైల చివర్లో పెళ్ళై భిలాయి వచ్చాను. మా ఆయన ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఫోర్‌మన్. రెండు గదుల క్వార్టరు, వెనక వరండా, ఒక జామచెట్టు. తాడు మీద ఆరేసిన తెల్లచీర ప్లాంటు మసికి సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు. ఇంట్లో మా అత్తగారు. శ్రీకాకుళం వైపు నుంచి కొడుకు వెంట వచ్చిన మనిషి. చదువు లేదు, నోరు ఉంది.

చదువుకోవడం వేరు, చెప్పడం వేరని నాకు తెలుసు. బిడ్డ పుట్టాక నేర్చుకుందామంటే కుదరదు. అందుకే మా పంతులుగారు ఏ అక్షరం తర్వాత ఏది చెప్పారో, ఎక్కడ ఆగారో, ఎక్కడ బెత్తం తీశారో గుర్తుచేసుకుని, బెత్తం తప్ప మిగిలినవన్నీ వరసలో పెట్టుకున్నాను. ఇక్కడ హిందీ లేనిదే గడవదు కాబట్టి కొట్ల బోర్డులు చూసి ఆ అక్షరాలూ పట్టాను. తర్వాత సెక్టారు మార్కెట్లో ఒక పలక, బలపాల పెట్టె కొన్నాను.

పలక చూసి మా అత్తగారు మండిపడింది. పుట్టని బిడ్డకు ముందుగా ఏదీ కొనకూడదు కదా.

"కడుపైనా పండలేదు, అప్పుడే పలకేటే?"

ఈ మాట కూడా ఆవిడ గుసగుసగానే అంది. మా ఆయనకు ఆ వారం నైట్ షిఫ్టు. పొద్దున్నే వచ్చి ముందుగదిలో పడుకుంటే సాయంత్రం దాకా ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. నిద్ర చాలకుండా ఓవెన్ల దగ్గరికి వెళ్ళిన మనిషికి ఏమవుతుందో కాలనీలో అందరికీ తెలుసు. మా పోట్లాటలన్నీ వెనక వరండాలో, పెదవుల మీదే జరిగేవి.

"ఇది బిడ్డకు కాదు, నాకు," అన్నాను.

"నీకు వచ్చు కదా!"

"చెప్పడం అలవాటు చేసుకోవాలి. నా పిల్లలకు ఇంట్లో నేనే చెప్పుకుంటాను."

"సెక్టారు బడి ఉంది, బస్సుంది. ఈధిలో పిల్లలందరూ ఎల్లటం లేదేటి? నీ పిల్లలకేటి, కొమ్ములొస్తాయా?"

"అందరి పిల్లలూ వెళ్తారనే పంపను."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "సరే, ముందు నాకు చెప్పు. ఉగాది లోపల నాకు చదవడం వచ్చీసిందంటే నీ బిడ్డ నీ కాడే చదువుకుంటాది. రాలేదనుకో, బస్సెక్కి ఎల్తాది. ఒట్టు."

మా ఆయనకు చెబితే, "అమ్మ మాటంటే మాటే. మీరూ మీరూ తేల్చుకోండి, నన్ను పడుకోనీండి," అన్నాడు. అంటే నా బిడ్డ చదువు ఆవిడ చేతికి వెళ్ళిందన్నమాట. అయినా వెనక్కి తగ్గలేదు. మా పుట్టింట్లో ఎవరూ తగ్గలేదు, అందుకే ఏమీ మిగలలేదు.

మధ్యాహ్నం అంట్లు తోమాక పలక ముందు కూర్చునేవాళ్ళం. నేను నోరు మెదిపీ మెదపనట్టు "అ" అంటే, ఆవిడ తల అడ్డంగా ఊపేది.

"ఇదేటి, వంకాయ తొడిమిలాగుంది."

"అది 'అ' అండీ. నిన్న చెప్పాను."

"నిన్న వేరేగా ఉంది. నీకే రాయడం రాదేటో."

గోడవతల దుర్గ్ నుంచి వచ్చిన పక్కింటావిడ తల పైకెత్తి, "దీదీ, ఘర్ మే స్కూల్ ఖోలా? బచ్చా కహాఁ హై?" అని, ఇంట్లో బడి పెట్టి పిల్లను ఎక్కడ దాచావన్నట్టు నవ్వేది. మా అత్తగారు తన బోసినోరు చూపించి, ఆ పిల్లను నేనేనంటూ "మై బచ్చా!" అనేది. ఇద్దరూ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేవారు. నేను పలక తుడిచి మళ్ళీ రాసేదాన్ని. చలికాలం వెళ్ళింది, ఉగాది దగ్గరపడింది. ఆవిడకు ఇంకా "అ" రాలేదు.

ఒకరోజు ఆంధ్రా కొట్టు నుంచి చింతపండు పొట్లం వచ్చింది. తెలుగు వారపత్రిక కాగితం. మా అత్తగారు పొట్లం విప్పి, చింతపండు డబ్బాలో వేసి, కాగితం పారేయకుండా పట్టుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. నన్ను చూడగానే నలిపి పొయ్యిలో పెట్టింది.

అడిగితే ఒప్పుకోదు. అడగలేదు.

మా అత్తగారికి వీధిలో పేరు తెచ్చింది పనసపొట్టు ఆవ పెట్టిన కూర. ఏ ఇంట్లో శుభకార్యమైనా ఆవిడను పిలిచి వండించుకునేవారు. మర్నాడు, మా ఆయన నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాక, పలక మీద పెద్ద అక్షరాలతో, "అత్తగారి ఆవ కూర గేదె కూడా తినదు" అని రాసి ఉప్పు జాడీకి ఆనించి, జామచెట్టు కిందికి వెళ్ళి బియ్యం ఏరుతూ కూర్చున్నాను. అలా రాసినందుకు ఇప్పటికీ నాకు విచారం లేదు.

కాసేపటికి, పగటిపూట ఆ ఇంట్లో ఎన్నడూ వినని కేక.

"గేదెంటావా! నా కూర గేదె తినదంటావా! మీ దివాణంలో ఏనాడైనా ఇలాంటి కూర తిన్నారే!"

మా ఆయన లుంగీ సర్దుకుంటూ, ఎర్రబడిన కళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. "అరే, ఏటైంది? ఎవరికేటైంది?"

"చూడు నీ పెళ్ళాం ఏటి రాసిందో!" పలక ఆయన ముఖానికి పెట్టింది.

ఆయన చదివాడు. తల్లిని చూశాడు. "నువ్వు చదివినావా అమ్మా?"

కేక విని గోడ మీంచి తొంగిచూస్తున్న పక్కింటావిడ కిందికి దిగిపోయింది. మా అత్తగారు పలకను బోర్లించి గట్టు మీద పెట్టింది.

"ఒట్టు ఒట్టే," అంది నాతో. గొంతు మళ్ళీ గుసగుసకు దిగింది. "బిడ్డ పుడితే బడికి పంపమని నాను అడగను. కానీ లెక్కలు మాత్రం నువ్వు చెప్పకు. ఉన్నదంతా పోగొట్టుకున్న ఇంటి పిల్లవి, నీకు లెక్కలేటి తెలుస్తాయి?"

మా ఆయన వెళ్ళి పడుకున్నాడు. నేను గెలిచాను. గెలిచినదాన్ని, ఏరుతున్న బియ్యం వైపు చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం మార్కెట్టుకు వెళ్ళి ఎక్కాల పుస్తకం కొన్నాను. బిడ్డ పుట్టేదాకా లెక్కలు తప్ప వేరేది ముట్టలేదు. ఆ తర్వాత నా కూతురికి వరండాలో లెక్కలు చెబుతున్నన్నాళ్ళూ మా అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని, తప్పు దొర్లుతుందేమోనని వింటూ కూర్చునేది. నేను దొర్లనివ్వలేదు.