దగ్గుకు మాట దొరకని పాఠం

తనిఖీ రోజు జూరకాన్ పొద్దుటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేదు. నారిన్ కొండల మధ్య ఆ బడిలో ఆమె ఇరవై రెండేళ్లుగా ఇంగ్లీషు చెబుతోంది. అంతకుముందు చెప్పింది జర్మన్. జర్మన్ ఎవరికీ అక్కర్లేని రోజులొచ్చాక, మూడు నెలల శిక్షణ ఇచ్చి ఆమెను ఇంగ్లీషు టీచరును చేశారు. అప్పటినుంచి పిల్లలకన్నా ఒక్క పేజీ ముందుండటమే ఆమె బతుకు. ఈ ఏడు నగరంలో చదివిన ఐజిర్గల్ కొత్తగా వచ్చింది. ఇవాళ పాఠం చెడితే పై తరగతులు ఆ అమ్మాయివే.

ఆ బడిలో పాత ఏర్పాటు ఒకటుంది. తనిఖీలో ప్రశ్న వేయగానే అందరూ చేతులెత్తాలి. తెలిసినవాళ్లు కుడిచేయి, తెలియనివాళ్లు ఎడమచేయి. టీచరు కుడిచేతుల్నే లేపుతుంది.

పక్క గదిలో అధికారి కోసం గొర్రె మాంసం ఉడుకుతోంది. పాఠం ఉపమాలంకారం. ఇంగ్లీషులో ఒక పోలిక ఎవరు చెబుతారని జూరకాన్ ప్రశ్న వేసింది. చేతులన్నీ లేచాయి.

వెనక బల్లమీద కూర్చున్న అధికారి తెమిర్‌బెక్ నవ్వాడు. "ఎజే, నేనూ ఇలాంటి బడిలోనే చదివాను. కిటికీ దగ్గర ఆ ఎడమచేతి పిల్లని లేపండి."

అక్కడ అక్కను పిలిచినట్టే టీచరునూ ఎజే అంటారు. ఆ పిల్ల, మీరిమ్, లేచింది.

"ముందు మన భాషలో చెప్పవే తల్లీ," అంది జూరకాన్.

"మా తాత దగ్గు చలికాలంలో పాత లారీలా ఉంటుంది ఎజే. గుర్రుగుర్రుమంటుందిగానీ స్టార్టవదు."

"మరి తాతని తోస్తారేంటే!" అన్నారెవరో. తరగతి గొల్లుమంది.

ఆ మాటల్ని ఇంగ్లీషులో రాద్దామని జూరకాన్ బోర్డువైపు తిరిగింది. తాత వచ్చాడు, లారీ వచ్చింది. దగ్గుకే ఇంగ్లీషు మాట రాలేదు. జర్మన్ మాట నాలుక చివర నిలబడింది. అధికారి చూపు వీపుకి గుచ్చుకుంటోంది. ఎప్పటిలా ఇంకో వాక్యం రాసి తప్పించుకోవచ్చు. సుద్దముక్క వేళ్లమధ్య విరిగింది.

"నాకూ తెలీదు. నిఘంటువు తీయండి," అంది.

ఉన్న ఒక్క నిఘంటువు మీద పిల్లలంతా ఎగబడ్డారు. గంట కొట్టాక గానీ వాక్యం బోర్డెక్కలేదు.

భోజనాల దగ్గర తెమిర్‌బెక్ ఎముక చేత్తో పట్టుకునే తేల్చేశాడు. "మనసులో పెట్టుకోకండి ఎజే. పై తరగతులు ఆ అమ్మాయికి. చిన్నపిల్లలు మీ దగ్గరే."

"అలాగే. ఇంకొంచెం వేసుకోండి." ఆమె వడ్డిస్తుంటే పులుసు గిన్నె దాటి ఒలికింది.

తను తినకుండానే లేచి, వరస చివర కూర్చుని అందరికీ టీ పోస్తున్న ఐజిర్గల్ పక్కకు వెళ్లి కూర్చుంది.

"అమ్మాయ్, రేపు నీ దగ్గర నాకో గంట కావాలి. ఇన్నేళ్లూ పిల్లలకు అనుమానంగానే చెప్పుకొచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను."

"ఎన్నుంటాయి ఎజే?"

"నువ్వు ముందు టీ తాగు."