బూటుకంటిన మట్టి

పాపయ్య ఉన్నన్నాళ్లూ మనవరాలి బూట్లు పాలిష్ చెయ్యడం ఆయన పనే. పొద్దున్నే వరండాలో పాత పేపరు పరిచి, రైల్వే డ్యూటీకి వెళ్లే రోజుల్లో తన బూట్లు రుద్దుకున్నంత శ్రద్ధగా అమూల్య బూట్లు రుద్దేవాడు. ఆయన పోయాక ఆ బ్రష్షు భార్య ఆండాళమ్మ చేతికొచ్చింది. ఆ ప్రైవేటు స్కూల్లో గేటు దగ్గర బూట్లు చూసి గాని పిల్లల్ని లోపలికి వదలరు. బూట్లు మునుపటిలాగే మెరుస్తున్నాయి. తాత సైకిలు మీద కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిన పిల్ల మాత్రం వ్యానులో మూగగా వెళ్లి మూగగా వస్తోంది.

ఫీజు తాత పింఛనులోంచే పోయేది. ఇప్పుడు కొడుకు ఉమేష్ రాయ్‌పూర్ పక్కన సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో ఆదివారాలు కూడా ఓవర్‌టైం చేస్తున్నాడు.

"గవర్నమెంటోళ్లు కూడా ఇంగ్లీషు మీడియం పెట్టారు కదత్తా. సీటు ఖాళీ ఉందంట. మీ అబ్బాయే ఒప్పట్లేదు," అంది కోడలు త్రివేణి.

"నాన్న చేర్పించిన స్కూలు. మాన్పిస్తే నలుగురూ ఏటనుకుంటారు?" అన్నాడు ఉమేష్.

"ఆ నలుగురూ ఆదివారం వచ్చి పిల్లతో ఆడతారేట్రా?"

ఎన్నడూ నోరెత్తని తల్లి అలా అనేసరికి ఉమేష్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"చలో, ఒక్కసారి చూసొద్దాం. చదువు బాగోపోతే మళ్లీ ఆ మాటే ఎత్తను," అందామె.

అక్కడి రైతుల పండగ హరేలీకి ముందురోజు ముగ్గురూ ఆ గవర్నమెంటు స్కూలుకి వెళ్లారు, ఆండాళమ్మ, ఉమేష్, అమూల్య. క్లాసులో ఒక పిల్ల ఇంగ్లీషు పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. టీచరు మహేశ్వరి కసురుకోలేదు, ఆ మాట వచ్చేదాకా ఆగింది. ఉమేష్ కిటికీ దగ్గర నిలబడి పాఠం అయ్యేదాకా విన్నాడు.

బయట పిల్లలు గేడీలెక్కి తిరుగుతున్నారు. పాదం ఆనించడానికి మెట్టు కట్టిన వెదురు కర్రలవి. హరేలీకి రాయ్‌పూర్ పిల్లలకి అవే సంబరం.

"దమ్ హై క్యా?" అని సవాలు చేస్తూ చాందిని అనే పిల్ల తన గేడీ అమూల్య చేతికిచ్చింది. అమూల్య తన బూట్ల వైపు చూసుకుంది, తర్వాత నానమ్మ వైపు.

"ఎక్కవే. పాలిష్ డబ్బా ఇంకా నిండుగానే ఉంది," అంది ఆండాళమ్మ.

ఎక్కింది, పడింది. మళ్లీ ఎక్కి చేతిపంపు దాకా వెళ్లి బురదలో ధబ్బున కూలబడింది. కూలబడి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

"అలా కాదే, ముందుకి వంగాలి!" అని ఉమేష్ చెప్పులు విడిచి తనే గేడీ ఎక్కేశాడు. రైల్వే కాలనీలో సర్కారీ బడి పిల్లాడుగా ఉన్నప్పుడు నేర్చిన విద్య, ఇంకా పోలేదు. గుమ్మంలోంచి చూసిన మహేశ్వరి హిందీలో అడిగింది, "మీకు కూడా అడ్మిషన్ కావాలాండీ?"

తిరిగొచ్చే దారిలో ఉమేష్ అన్నాడు, "ఈ ఆదివారం డ్యూటీకెళ్లనమ్మా. దానికి గేడీ చెయ్యాలి."

అమూల్య కొత్త స్కూలుకి మొదటిసారి వెళ్లాల్సిన పొద్దున ఆండాళమ్మ అలవాటుగా పేపరు పరిచి, గేడీ ఎక్కిన రోజు నించీ తొడగని బూట్లు ముందు పెట్టుకుని బ్రష్షు తీసింది. అమూల్య పరిగెత్తుకొచ్చింది.

"నానమ్మా, ముట్టుకోకు! నేను పంపు దాకా వెళ్లలేదంటాది ఆ చాందిని. ఇది పంపు దగ్గర బురదే. తుడిచేస్తే సాక్ష్యం ఉండదు!"

ఆండాళమ్మ బూటు తిప్పి చూసింది. మడమ దాకా ఎండిన మట్టి. పాపయ్య చూసుంటే లబోదిబోమనేవాడు, ఆ తర్వాత ఆయనే ముందు నవ్వేవాడు. ఆమె బ్రష్షు డబ్బాలో పడేసి మూత నొక్కింది.