బాగుండాది అంటే ఏం రాస్తావప్పా?

మా వైపు ఎదురుపడిన మనిషిని మొదట అడిగేది కన్నడంలో "ఊట ఆయ్తా?" అని, అన్నం తిన్నావా అని. తిన్నా తినకపోయినా జవాబు ఒకటే, "ఆయ్తు," అయింది అని. కడుపు కాలుతున్నా అదే మాట. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు, మర్యాద అనుకుంటారు. ఆ మర్యాద కాగితం మీదికెక్కితే ఏమయితాదో ఈ వయసులో చూసినా.

నాట్లు, కలుపులు చేసుకుంటూనే ముసలిదాన్నయినా. అక్షరాలు రాలేదు. పెద్దోళ్ళకు మధ్యాహ్నం పూట అంగనవాడి గదిలో కన్నడ నేర్పిస్తారంటే పలక పట్టుకొని పోయినా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గోడ మీద అక్షరాలు కన్నడ. రెండూ అక్కచెల్లెళ్ళ మాదిరే ఉంటాయి, తలకట్టు దగ్గరే శానా మటుకు తేడా. ఒకటి పట్టుబడితే రెండోది కూడా వస్తాదని నా ఆశ. గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర నిలబడిపోయినా.

నేర్పించేది మా వీధి కోడలు. మమ్మల్నందర్నీ అత్తా అంటాది. రాను రాను వచ్చేవాళ్ళు తగ్గిపోయి, సగం చాపలు చుట్టిపెట్టినవి చుట్టిపెట్టినట్టే ఉండేవి.

ఒకరోజు రూపనగుడి మీదుగా వచ్చే బస్సు దిగి ఒకాయన వచ్చినాడు. ఈ చదువు పథకం ఎట్లా నడుస్తాందో చూసి పైకి రిపోర్టు రాసే పని ఆయనది.

"క్లాసు ఎట్లుందమ్మా?"

"శానా బాగుండాది సార్," అన్నాం అందరం.

మా పక్కింటామె ఇంకో మెట్టు ఎక్కి, "స్వర్గం సార్, ఫ్యాను ఒకటే తక్కువ," అనింది.

ఆయన నవ్వి రాసుకుంటాంటే, ఆ రాత యాడికి పోతాందో తెలుసుకోవాలనిపించింది నాకు.

"ఇది ఎవురు చదువుతారప్పా?"

"మా పై ఆఫీసరు."

"చదివి ఏం చేస్తాడు?"

"ఈ ఊర్లో క్లాసు ఉంచాలా, మూయాలా తేలుస్తారు. నాట్లు మొదలయ్యే లోపలే."

ఒత్తులు రాకముందే మూసేస్తే నా చదువు ఆడికే సరి.

"మేమంతా బాగుండాది అన్నాం కదా. బాగుండాది అంటే ఏం రాస్తావప్పా?"

పెన్ను ఆపినాడు. "అందరికీ బాగుందంట, మనుషులు మాత్రం రావడం లేదు, అని. అది చదివితే వీళ్ళకు కావాల్సినంత వచ్చేసిందనుకొని మూసేస్తారు."

"బాగలేదంటే?"

"పనికిరాలేదని మూసేస్తారు."

"అట్లయితే నువ్వు రాసేది దేనికి?"

కోపం తెచ్చుకోలేదు. తల గోక్కున్నాడు. "నిజమే అవ్వా. ఏది మారిస్తే మీరు వస్తారో అది రాయాల. ఒట్టి మెప్పు రాస్తే ఆయన ఏం చేసుకుంటారు?"

ఎప్పుడూ చూడని ఆ ఆఫీసరు గురించి అప్పుడు ఆలోచన పడింది. మా ఊరు ఆయనకు కనిపించేది ఈ కాగితంలోనే. మేం ఆయ్తు అంటే, పాపం ఆయన అన్నం గిన్నె ఎత్తిపెట్టేస్తాడు.

ఇంక దాచలేదు నేను. "ఈ పిల్ల మంచిది. అదే మాకు తంటా. నేను తప్పు రాసినా 'సరిగ్గుండాది అత్తా' అంటాది. కోడలు అత్తల్ను తప్పు పట్టేదెట్లా? ఒత్తు యాడ పెట్టినా సరే అంటాంటే ఇంక వచ్చేదేంది?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. ఊరుకోలేదు. "మొదట్లో తప్పు అని చెప్తే పలక ఆడనే పడేసి పోయింది ఎవరత్తా?"

అందరూ పక్కింటామె వైపు తిరిగినారు.

"పోనా మరి?" అనింది ఆమె. "నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల నాకు తప్పు చెప్తే, రేపు నా కోడలు చెప్పదా?"

గదంతా గొల్లుమనింది. ఆయన మాత్రం ముందు రాసింది కొట్టేసి, "పక్క ఊర్లో నేర్పించేది ఎవరు?" అని ఆ పిల్లనే అడిగినాడు.

"ఆమె కూడా ఆ ఊరి కోడలే సార్."

"మీరిద్దరూ ఊర్లు మార్చుకుంటే?"

"సంతోషంగా పోతా సార్. ఆడ నేను ఎవరికీ కోడల్ని కాదు."

వెనకనుంచి ఇంకొకామె అరిచింది, "టైము కూడా రాయి సార్! నాట్లప్పుడు ఆ పొద్దుకు మేం మడిలో ఉంటాం."

"ఈ రెండే రాస్తా, మొదటి పేజీలోనే," అన్నాడు. "లోపలి పేజీల దాకా ఆయన రారు."

క్లాసు మూయలేదు. టైము మారలేదు, టీచర్లు మారినారు. పక్క ఊరి నుంచి వచ్చిన పిల్ల మమ్మల్ని అవ్వా అంటాది, కనికరం మాత్రం లేదు. మొదటి రోజే నా పలక చూసి "తప్పు" అని తుడిచి పారేసింది. అంత సంతోషం నాకు ఎందుకయిందో ఇప్పటికీ తెలీదు. పక్కింటామె కొన్నాళ్ళు అలిగి, మళ్ళీ వచ్చింది. నేను ఒత్తులు దాటినా, తలకట్టు మార్చుకొని తెలుగులోకి కూడా వచ్చినా.

ఈ యేడు ఆయన మళ్ళీ వచ్చినాడు. గుమ్మంలోనుంచే, "ఎట్లుందవ్వా క్లాసు?"

బాగుండాది అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసినా. చాప పరిచి చెప్పినా, "కూచో అప్పా. ఈసారి మీ పెద్దాయన తేల్చుకోవాల్సింది ఏంది? ముందు అది చెప్పు. టైము సంగతి ఇంకా అట్లే ఉండాది."