వేపాకు కింద పిడికెడు బియ్యం

పొద్దున ఎసట్లో బియ్యం వేసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తాను. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన మరుసటి దినమే మా అత్త నేర్పిన పని ఇది. "ముందు దేవునిది తియ్యి, తర్వాత మనది కడుగు" అనింది. ఆదివారం ఆ డబ్బా గుడికి తీసుకుపోయి ప్రసంగ బల్ల పక్కనుండే గంపలో పోస్తాం. సంఘంలోని ఇళ్ల పిడికెళ్లన్నీ ఆ గంపలో కలుస్తాయి. శనివారం మేము డీకన్లం, అంటే సంఘంలో సేవ చూసుకునేవాళ్లం, వాటిని కొలిచి ముసలివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు, బాలింతలకు ఇచ్చి వస్తాం.

సన్నబియ్యం వండుకునే ఇంటివి సన్నవి, రేషన్ స్టోరు బియ్యం తినే ఇంటివి దొడ్డువి. రెండూ కలిసినవి ఒక తీరుగా ఉడకవు. కొన్ని మెత్తబడతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. మా ఊళ్లో ఎవరి గిన్నెలో అట్లాంటి అన్నం కనపడినా అది గుడి బియ్యమని తెలిసిపోతుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మేము బియ్యమిచ్చే ఒక అవ్వ కుండలో నేను చూసింది ఆ బియ్యమే. చూసి కూడా తెలుసుకోలేకపోయాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. రాయచోటి దగ్గర మా పుట్టినూళ్లో మా నాయన ఇంటి బండల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించినాడు. అవి కుదిరినాక దేవుని పుస్తకం ఒళ్లో పెట్టి చదవమన్నాడు. ఆ కాస్త చదువే ఎమ్మిగనూరు దిక్కునుండే ఈ ఊళ్లో నాకు పనికొచ్చింది. మా పెద్ద డీకనయ్యకు చూపు తగ్గినాక ఆయన పుస్తకం రాయడానికి మనిషి కావాల్సి వచ్చింది. సంఘకాపరి అయ్యగారు నాలుగు ఊళ్లు తిరగాలి, మా ఊరికి ఆదివారమే వస్తారు. తక్కిన ఆరు దినాలు ఎవరికి జ్వరమొచ్చింది, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు, ఎవరిని ఆసుపత్రికి తీసుకుపోవాలి అన్నవన్నీ డీకన్లు చూసుకోవాల్సిందే. ఎండలు ముదిరితే బస్సులు ఆగే చోట నీళ్ల కుండలు పెట్టేదీ మేమే. అక్కడ ఎవరినీ ఏ గుడికి పోతావని అడగం. ఇంత మంచి పనిలో నాకొక మూల చోటిచ్చినందుకు దేవునికి రోజూ వందనాలు చెప్పుకుంటాను.

పుస్తకం మాత్రం పెద్దాయన గీసినట్టే సాగింది. ఎడమ పుటలో బియ్యం ఇచ్చే ఇళ్లు, కుడి పుటలో బియ్యం అందుకునే ఇళ్లు. గుడికి రాలేకపోయిన వాళ్ల పిడికెడు బియ్యం మేమే ఇంటికి పోయి తెచ్చుకునేవాళ్లం. అయితే అది ఎడమ పుట ఇళ్లకే. కుడి పుట ఇళ్లలో అడగకూడదు. "మనమే ఇచ్చి మనమే అడుగుతామా? వాళ్లకు సిగ్గు, మనకు పాపం" అనేవాడు పెద్దాయన. మనసున్న మాట అనుకున్నాను. ఇప్పటికీ అది చెడ్డ మాట అనలేను.

అవ్వ కుడి పుటలో ఉండేది. పిల్లల్లేరు, మొగుడు పోయి శానా ఏండ్లు. మా వీధి చివర ఒంటి గది మట్టి మిద్దె. వయసున్నన్నాళ్లు బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, ఒలిచే కూలికి పోయింది. అవ్వ చెయ్యి పట్టుకుంటే వేళ్ల చివర్లు పలకరాయి మాదిరి నున్నగా తగిలేవి. శనివారం బియ్యం తీసుకుని పోయి, పక్కన కూర్చుని ప్రార్థన చేసి వచ్చేదాన్ని. నా ప్రార్థన అవ్వకు నచ్చేది కాదు.

"నీ ప్రార్థన శానా పొడుగమ్మే. నాకు నిద్రొస్తాది. ఆమెన్ కాడ లేపు" అనేది.

"దేవునితో మాట్లాడేటప్పుడు తొందరేంటికవ్వా?"

"ఆయనకు నీ ఒక్కదాని ఇల్లేనా? ఊరంతా ఉండాది. తొందరగా పంపియ్యి."

ఆ యేడు చలి తగ్గకముందే జనం సుగ్గికి పోయినారు. మా దిక్కు వాన చాలని యేడు, ఊళ్లకు ఊళ్లు గుంటూరు పక్క మిరపకాయలు కోసేదానికి పోతాయి, దాన్నే సుగ్గి అంటాం. వీధిలో ఇంటికొక తాళం. గుడిలో పాట ఎత్తుకుంటే గోడలు తిరిగి పాడేవి. గంపలో బియ్యం సగానికి కూడా రాలేదు. అదే సమయానికి కుడి పుటలోకి కొత్త ఇల్లొకటి చేరింది. మొగుడు సుగ్గికి పోయినాడు, ఆ పిల్ల కానుపై పది దినాలు. తోడెవరూ లేరు.

శనివారం గుడి పంచలో బండల మీద కూర్చుని పెద్దాయన గంపలో చెయ్యి పెట్టి తడిమి చూసినాడు.

"ఇంతేనామ్మా?"

"ఇంతే పెద్దయ్యా."

"బాలింతకు సరిపోను ఇయ్యాల. యాడనో ఒకచోట తగ్గించాల. నాకు కండ్లు లేవు, నువ్వు ఇండ్లు చూసి చెప్పు."

చూసే పని నా మీద పెట్టినాడు. నేను చూడ్డానికే పోయినాను.

అవ్వ అప్పటికి నాలుగు ఆదివారాలుగా గుడికి రావడం లేదు. మోకాళ్లు వాచి గడప దాటలేకపోతోంది. మంచం పక్కన కూర్చుని, "బియ్యం ఉండాయా అవ్వా?" అని అడిగినాను.

అవ్వ మూలకు చెయ్యి చూపించింది. "ఆ కుండ నిండినాదమ్మే. చూడు పో."

మూత తీసినాను. పైన ఎండిన వేపాకు పరిచి ఉంది. పక్కకు జరిపితే అంచు దాకా బియ్యం. సన్నవి, దొడ్డువి కలిసినవి. మేమిచ్చినవే. రాయి లేకుండా ఏరి, పురుగు పట్టకుండా వేపాకు వేసి, ఎంత పొదుపుగా వాడుకుంటాందో అనుకున్నాను. ఒంటి ప్రాణం, ఎంత తింటుంది అని కూడా అనుకున్నాను. మూత పెట్టి వెనక్కి తిరిగితే అవ్వ నా చేతుల వైపే చూస్తాంది. ఇంకేదో చేస్తానని కనిపెట్టుకున్నట్టు ఉంది ఆ చూపు. నేను ప్రార్థన చేసినాను, ఎప్పటిలాగే పొడుగ్గా. ఆమెన్ అన్నాక లేచి వచ్చేసినాను.

అవ్వ వంతు బాలింతకు పోయింది. ఆ పిల్ల రెండు చేతులూ చాపి పోయించుకుంది. తిరిగొచ్చే దారిలో సంతోషంగా పాడుకున్నాను కూడా. పై శనివారం "అవ్వకు?" అని పెద్దాయన అడిగితే, "కుండ నిండా ఉండాయి పెద్దయ్యా" అన్నాను. మూడో శనివారం ఆయన అడగలేదు. ఆ రెండు శనివారాలూ బాలింతకు జ్వరమని ఆ ఇంట్లోనే పొద్దుపోయింది. అవ్వ ఇంటికి పోలేదు.

మరుసటి మంగళవారం మధ్యాహ్నం అవ్వ పక్కింటామె పరిగెత్తుకుంటా వచ్చింది. ముస్లిముల ఆమె, నా ఈడుదే. కూతురి కానుపుకు ఆదోని పోయి, పన్నెండు దినాలకు కూతుర్నీ బిడ్డనూ వెంటబెట్టుకుని అప్పుడే బస్సు దిగింది.

"అక్కా, మీ అవ్వ పిలిస్తే పలకడంలేదు. తొందరగా రా."

పోయి చూస్తే అవ్వకు స్పృహ ఉంది గానీ మాటకు బలం లేదు. పెదవులు ఎండి పగిలినాయి. పొయ్యిలో బూడిద చల్లగా, గట్టిపడి ఉంది. గంజి కాద్దామని నేను మూలకు పోయి కుండ మూత తీసినాను. మంచం మీంచి గొంతు వచ్చింది, అంత సన్నటి గొంతులో అంత గట్టి మాట నేనెప్పుడూ వినలేదు.

"ముట్టొద్దు. అది గుడిది."

నాకు అర్థం కాలేదు. పక్కింటామె తలకొట్టుకునింది.

"నీకు తెలీదా అక్కా? మీరిచ్చే బియ్యంలోనే దినానికొక పిడికెడు తీసి దాంట్లో ఏస్తాది. కాళ్లు ఆడినన్నాళ్లు కొంగున కట్టుకొని, గంట కొట్టకముందే పోయి మీ గంపలో పోసొస్తాన్నెది, ఎవరూ చూడగూడదని. నడవలేనప్పట్నుంచి ఈడనే ఏస్తాంది. 'అందరిండ్లకూ వస్తారు గదా, తీసుకపోతార్లే' అంటాది. మీరేమో వస్తిరి, చూస్తిరి, పోతిరి."

"స్టోరు బియ్యమో?"

"యాడిది? మిషన్లో ఏలిముద్ర పడ్డంలేదంట, రెండు నెలలాయె. నేనుంటే రొట్టె పెడతాంటి. పోతాపోతా కూడా అనుకున్యా, మీ గుడోళ్లు ఉండారు గదా అని."

కుండ మూత తిరిగి పెట్టినాను. ఆకలితో పడుకుని, మూలన కుండెడు బియ్యం పెట్టుకుని, అవ్వ దేవునివని ముట్టుకోలేదు. నేను ఆ మూత తీసి చూసిన దినం తన కానుక తీసుకుపోతానని ఎదురుచూసింది. తీసుకుపో అని నోటితో చెబితే చాటుకున్నట్టు అవుతుందని ఊరుకుంది. ఆ చూపు అది.

పక్కింటామె తన ఇంటినుంచి జొన్నగంజి తెచ్చి చెంచాతో పోసింది. పెద్దాయన ఆటో మాట్లాడుకొచ్చినాడు. ఆసుపత్రిలో మూడు దినాలుంచి సెలైన్లు ఎక్కించినారు. వయసు పైబడింది, ఒంట్లో ఏమీ మిగల్లేదు, ఇంటికి తీసుకుపోయి కదలనియ్యకుండా చూసుకోండి అన్నాడు డాక్టరు. ఆకలివల్లనా, వయసువల్లనా అని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

శుక్రవారం పొద్దున ఇంటికి తెచ్చినాం. పెద్దాయన మంచం కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"అవ్వా, తప్పు మాది. ఆ బియ్యం నువ్వే వండించుకొని తిను. దేవుడేమీ అనడు."

"దేవుడేమీ అనడప్పా. నేనంటా" అనింది అవ్వ.

ఆ మాటకు పెద్దాయన నవ్వబోయి నవ్వలేక తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. అవ్వ నా వైపు తిరిగింది.

"ఎల్లుండి ఆదివారం గదా. నన్ను ఆటోలో ఎక్కియ్యమ్మే. నా చేత్తో నేనే పోసొస్తా. ఇంకేమీ అడగను నిన్ను."

నేను, డాక్టరు చెప్పింది చెవిలో పెట్టుకుని, "ఈ ఆదివారం వద్దవ్వా. ఒళ్లు కుదుటపడనీ, పై ఆదివారం పోదాం" అన్నాను. అవ్వ కాసేపు నా మొహం చూసి, "సరేలే" అని గోడ వైపు తిరిగింది. ప్రార్థన చెయ్యమంటావా అంటే తల ఊపింది. ఆ దినం నాలుగు మాటల్లో ముగించినాను. ఆమెన్ కాడ లేపాల్సిన పని లేకపోయింది, అవ్వ మేలుకునే ఉంది.

శనివారం తెల్లవారుతుండగా ప్రాణం పోయింది.

సుగ్గికి పోగా సంఘంలో పెట్టె మోసేదానికి నలుగురు మగవాళ్లు లేరు. పక్కింటామె మొగుడూ, ఆయన తమ్ముడూ భుజం పట్టినారు. గుంట తవ్విందీ వాళ్లే. సాయంత్రానికి మట్టి చేసి వచ్చినాం. ఆ ఇద్దరి మేలు నేను బతికినన్నాళ్లు మరిచిపోను.

మరుదినం ఆదివారం. గంట కొట్టినారు, మొదటి పాట అయిపోయింది. అయ్యగారు ప్రార్థనకు లేచేటప్పటికి వాకిట్లో నీడ పడింది. పక్కింటామె. తల మీద ముసుగు సర్దుకుని, చెప్పులు బయట విడిచి, అవ్వ కుండ చంకన పెట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రావచ్చునో లేదో తెలియక గడప దగ్గరే ఆగింది. నన్ను వెతుక్కుని, అందరికీ వినపడేటట్టే అడిగింది.

"అక్కా, ఇది యాడ పొయ్యాల? మొన్న సాయంత్రం అవ్వ నాతో మాట తీసుకున్యాది, గంట కొట్టకముందే పొయ్యమని. బిడ్డ ఏడుస్తాంటే ఆలస్యమైపాయె. ఏమనుకోవద్దండి."

నేను వద్దన్న పనిని అవ్వ ఆమెకు అప్పజెప్పి పోయింది. పెద్దాయన గోడ తడుముకుంటా పోయి కుండకు ఇంకో పక్క చెయ్యి వేసినాడు. ఇద్దరూ కలిసి గంప దాకా మోసి వంచినారు. వేపాకు ముందు రాలింది. ఆ వెనక బియ్యం. ఆ యేడు గంప నిండింది ఆ ఒక్క ఆదివారమే.

పై శనివారం పంచలో కూర్చుని పుస్తకం తెరిచినాను. కుడి పుటలో అవ్వ ఉన్న వరసను కొట్టెయ్యాలి. కొట్టేసి, ఎడమ పుటలో అడుగున అవ్వ పేరు రాసినాను. పెన్ను కదిలే చప్పుడు విని పెద్దాయన, "ఏం రాస్తాండావమ్మా?" అన్నాడు. చెప్పినాను. "ఆ నడిమి గీత నేనే గీసినా" అన్నాడు.

ఆ బియ్యంలోంచే బాలింత వంతు కొలుచుకుని పోయినాను. ఆ పిల్ల బిడ్డను నాకిచ్చి, చాటలో బియ్యం పోసుకుని ఏరడానికి కూర్చుంది. ఏరకముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న పాలడబ్బాలో వేసింది. అట్లా వేస్తున్నప్పుడు నన్ను చూడనైనా చూడలేదు, ఊపిరి తీసుకున్నంత మామూలుగా వేసింది.

"ఎప్పట్నుంచి తీస్తాండావే?" అన్నాను.

"మొదట్నుంచీ పెద్దమ్మా. డబ్బా నిండొచ్చినాది. మీరెప్పుడూ అడగకపోతిరి" అనింది.

బిడ్డను ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో ఆ డబ్బా బియ్యానికి కొంగు పట్టినాను. "పొయ్యమ్మా" అన్నాను.